హైదరాబాదు నుంచి దుబాయికి ఎంత దూరం?

(ఉగాది సాంస్కృతికోత్సవాల రెండవనాటి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఒక షరతు పెట్టారు. "పిల్లలకు పనికివచ్చే విషయం చెప్పండి, కవిత్వం మాత్రం వద్దు" అన్నారు. నాకు కవిత్వం రాదు కనుక ఆ షరతు ఏమీ కష్టం కలిగించలేదు. నేను ఈ దేశానికి 1981లో ఒక కట్టడాల కంపెనీలో స్టోరుకీపరుగా వచ్చి, తరువాత చాలా ఏళ్లు డేరాలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో టిక్కెట్లు రాసి బతికినవాణ్ణి. ఎవరు ఎప్పుడు బయలుదేరాలి, ఎప్పుడు చేరతారు, మధ్యలో ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలి, నాకు తెలిసిన విద్య అదొక్కటే. కాబట్టి దాని గురించే మనవి చేస్తాను.

మొన్న మా ఇంట్లో ఊరికి వెళ్లే మాట వచ్చింది. మా మనవడు ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుతున్నవాడు. ఫోను చూసి, "తాతా, రెండువేల అయిదువందల యాభై కిలోమీటర్లే. నాలుగు గంటలు కూడా లేదు. దీనికి నెల ముందు నుంచీ ఇంత హడావిడి ఎందుకు?" అన్నాడు. వాడు చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. కాని ఆ మాట విన్నప్పుడు నాకు మరొకరు అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. అది చివర చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

శంషాబాదు విమానాశ్రయం నుంచి దుబాయి విమానాశ్రయానికి భూమి వంపు మీదుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. మైళ్లలో 1,580. విమానం నడిపేవారు నాటికల్ మైళ్లు వాడతారు, ఆ కొలతలో 1,375. పిల్లలు మూడుచోట్ల మూడు అంకెలు చూసి ఏది నిజమని అడుగుతుంటారు. మూడూ నిజమే, కొలబద్దలు వేరు. షార్జా దీనికంటె రవ్వంత దగ్గర, అబూదాబీ ఒక నలభై కిలోమీటర్లు దూరం. విశాఖపట్నం నుంచి కొలిస్తే దుబాయికి దాదాపు 3,000 కిలోమీటర్లు అవుతుంది.

ఇక కాలం. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన మూడు గంటల్లో చేరాలి. కాని విమానం గేటు వదిలి రన్‌వే దాకా పాకడానికి, పైకెక్కడానికి, దిగేముందు వరుసలో నిలబడడానికి కాలం పడుతుంది. టిక్కెట్టు మీద వేసేది గేటు నుంచి గేటుకు పట్టే కాలం. అందువల్ల ఇటు రావడానికి మూడుముప్పావు నుంచి నాలుగు గంటలు వేస్తారు, అటు పోవడానికి మూడున్నర చాలంటారు. తేడా ఎందుకంటే ఆకాశంలో ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. ఇంటికి పోయేటప్పుడు గాలి వెనుకనుంచి తోస్తుంది, పనికి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. ఇది నేను కల్పించిన మాట కాదు, విమానాలవారి టైంటేబులే అలా ఉంటుంది.

ఇంతకంటె పెద్ద చిక్కు గడియారంది. హైదరాబాదులో ఉదయం పది గంటలకు ఎక్కితే ఇక్కడ పన్నెండుంబావుకు దిగుతారు. రెండుంబావు గంటల్లో వచ్చామని కొత్తవాళ్లు మురిసిపోతారు. తిరిగి పోయేటప్పుడు రాత్రి పదింటికి ఎక్కితే తెల్లవారుజామున మూడింటికి దిగుతారు. అయిదు గంటలు! ఏజెన్సీలో నా బల్ల ముందు కూర్చుని, "పోయేటప్పుడు పాత విమానం ఇస్తున్నారా?" అని అడిగినవారున్నారు. పాత విమానమూ కాదు, కొత్త విమానమూ కాదు. ఇక్కడి గడియారం మన దేశపు గడియారం కంటె గంటన్నర వెనుక. వచ్చేటప్పుడు ఆ గంటన్నర చేతిలో పెడతారు, పోయేటప్పుడు తిరిగి తీసుకుంటారు. పోవడం రావడం రెండింటి అంకెలూ కలిపి సగం చేస్తే అసలు ప్రయాణకాలం దాదాపుగా వచ్చేస్తుంది, చేసి చూడండి.

ఆ గంటన్నర ఎక్కడనుంచి వచ్చింది? భారతదేశపు ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు సమీపంగా పోతుంది. ఇక్కడి కాలానికి ఆధారం 60 డిగ్రీల రేఖ. అది ఈ దేశం మీదుగా కూడా పోదు, ఒమాన్ తూర్పుకొన దాటి సముద్రంలో ఉంటుంది. రెండు రేఖల మధ్య 22½ డిగ్రీలు. సూర్యుడు ఒక డిగ్రీ జరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక మొత్తం 90 నిమిషాలు. ఇక హైదరాబాదుకు దుబాయికి ఉన్న నిజమైన తేడా 23 డిగ్రీలు, అంటే 92 నిమిషాలు. గడియారమూ సూర్యుడూ ఇంత దగ్గరగా ఒప్పుకోవడం అన్నిచోట్లా జరగదు. పంచాంగం చూసే ఆడపడుచులకు ఒక మాట: అక్కడి పంచాంగంలో తిథి ముగిసే గంటలోంచి గంటన్నర తీసేస్తే ఇక్కడి గంట వస్తుంది. సూర్యోదయం కూడా దాదాపు అంతే వెనుక పడుతుంది కనుక పండుగ సాధారణంగా అదేరోజున వస్తుంది. ప్రతి ఉగాదికీ మనలో మనం పోట్లాడుకోనక్కరలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. ఈ దేశానికి విమానం వచ్చింది దుబాయికి కాదు, షార్జాకు. లండను నుంచి ఇండియాకు పోయే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు ఇక్కడ రాత్రి మజిలీకి చోటు కావాలని షార్జా పాలకులతో 1932 జూలైలో ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడు అక్టోబరు 5న మొదటి విమానం దిగింది. నాలుగు ఇంజన్లు, రెండంతస్తుల రెక్కలు, గంటకు నూరు మైళ్ల వేగం. ప్రయాణీకులకోసం కోటవంటి విడిది కట్టారు. అదే ఇప్పటి అల్ మహత్తా మ్యూజియం. దాని ప్రక్కనున్న కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి మీద మీరు కార్లలో పోతుంటారే, అదే ఆనాటి రన్‌వే.

సరిగ్గా పదిరోజుల తరువాత, 1932 అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి టపా సంచులతో చిన్న విమానం నడిపి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరారు. అక్కడ నుంచి నెవిల్ విన్సెంట్ ఆ సంచులు తీసుకుని బళ్లారిలో ఆగి, మర్నాడు మద్రాసు చేర్చారు. షార్జా మీదుగా కరాచీ చేరే టపాను దక్షిణానికి అందించడానికే ఆ సర్వీసు పెట్టారు. అంటే ఈ ఎడారికీ, తెలుగు మాట వినిపించే బళ్లారికీ ఆకాశమార్గాన లంకె ఏర్పడి తొంభై ఏళ్లు దాటింది. ఆ లంకె మీద ఉత్తరాలు ప్రయాణం చేశాయి కాని మనవాళ్లు చేయలేదు. మనుషులకు ఓడలే గతి. బొంబాయి నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు రేవు రేవునా ఆగుతూ రోజుల తరబడి వచ్చేవి. డెక్కు మీద చాప పరుచుకుని ప్రయాణం. వాటిలో 'దారా' అనే ఓడ 1961 ఏప్రిల్ 8న దుబాయి తీరానికి దూరంగా పేలుడుకు గురై, 238 మంది చనిపోయారు. చివరిదాకా తిరిగిన 'ద్వారక' 1982లో ఆగిపోయింది. నేను వచ్చిన ఏడు అది ఇంకా తిరుగుతూనే ఉంది.

దుబాయి విమానాశ్రయం 1960లో తెరిచినప్పుడు ఇసుకను దిమ్మిస చేసి గట్టిపరచిన రన్‌వే. తారు రన్‌వే 1965లో వచ్చింది. తరువాతి కథ మీకందరికీ తెలుసు, చెప్పి విసిగించను.

నేను వచ్చేనాటికి మావంటి వారికి దారి బొంబాయి మీదనే. బొంబాయి నుంచి దుబాయికి సుమారు 1,930 కిలోమీటర్లు, మూడు గంటలలోపు. నాది జగిత్యాల ప్రాంతం. మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూరు వైపుల నుంచి బయలుదేరినవాడు ముందు బొంబాయి చేరి, ఏజెంటు చూపిన గదిలో పదిమందితో పడుకుని, వీసా కాగితం కోసం వారమో నెలో ఎదురు చూసేవాడు. ఇప్పుడు శంషాబాదులో ఎక్కిన విమానం వాయువ్యంగా పోయి, బొంబాయికి కొంచెం ఎగువన తీరం దాటుతుంది. ఈసారి కిటికీ సీటు దొరికితే ఎడమవైపు చూడండి. మీ తాతలు, మేనమామలు అప్పుచేసి తెచ్చిన డబ్బు ఖర్చుపెట్టుకుంటూ రోజులు లెక్కపెట్టిన ఊరు కొద్ది నిమిషాల్లో వెనక్కి పోతుంది.

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. సభలో చెప్పవలసినదా అని ఆలోచించాను. కాని ఇది లేకుండా నా లెక్క పూర్తికాదు.

1984లో ఒక మంగళవారం తెల్లవారుజామున మా బాపు పోయాడు. ఊళ్లో ఫోను లేదు. మా చిన్నాయన సైకిలు మీద జగిత్యాల పోయి తంతి కొట్టించాడు. 'ఫాదర్ సీరియస్ స్టార్ట్' అని మూడు మాటలు. ఆ రోజుల్లో సీరియస్ అంటే అర్థమేమిటో గల్ఫులో ఉన్నవాడికెవడికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ తంతి మా క్యాంపుకు గురువారం మధ్యాహ్నం వచ్చింది. (ఆ తంతి వ్యవస్థే 2013 జూలైలో మూతపడింది. పిల్లలకు చూపిద్దామన్నా లేదు.) పాస్‌పోర్టు కంపెనీవారి బీరువాలో ఉంది. తాళం ఉన్నాయన గురువారం మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. శుక్రవారం సెలవు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, పేరు చెప్పి లాభమూ లేదు. అలా పాస్‌పోర్టు దాచుకోవడం ఇప్పుడు ఇక్కడ చట్టవిరుద్ధమని మాత్రం పిల్లలు తెలుసుకోవాలి. శనివారం మధ్యాహ్నానికి పాస్‌పోర్టు, సాయంత్రానికి టిక్కెట్టు, రాత్రికి విమానం. గదిలోని వాళ్లు తలా కొంత వేసి టిక్కెట్టు కొన్నారు. ఆ రాత్రి విమానంలో కూర్చున్నది మూడు గంటలకన్న తక్కువ.

ఆదివారం తెల్లవారి బొంబాయిలో దిగాను. కస్టమ్స్ వరుస దాటి వి.టి. స్టేషను చేరేసరికి ఎండెక్కింది. రిజర్వేషన్ లేదు. మన్మాడు దాకా నిలబడి పోయాను. అక్కడ దిగి చిన్నబండి పట్టుకోవాలి, అప్పటికి మన్మాడు నుంచి నిజామాబాదు మీదుగా సికింద్రాబాదుకు మీటరు గేజి లైనే ఉండేది. ప్లాట్‌ఫారం మీద గంటలకొద్దీ కూర్చున్నాను. నిజామాబాదులో దిగి బస్సెక్కి, ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల దాటి సోమవారం పొద్దుగూకే వేళకు ఊరు చేరాను. నేను పెద్దకొడుకును. బుధవారం దాకా చూసి, ఇక లాభం లేదని చిన్నాయన కొడుకు చేత తలకొరివి పెట్టించారు. అందులో వారి తప్పు ఏమీ లేదు.

మా అవ్వ నన్ను చూసి వెంటనే ఏడవలేదు. అంతకు ముందు సెలవులో వచ్చినప్పుడు, భయపడకుండ్రి, ఏమన్నయితే మూడు గంటల్ల వస్తనని నేనే బాపుకు, అవ్వకు ధైర్యం చెప్పి ఉన్నాను. ఆమె ఆ మాట గుర్తుపెట్టుకుంది. "మూడు గంటల్ల వస్తనంటివి గద కొడుకా, వారం దినాలెందుకు పట్టె?" అని అడిగింది. నేను మన్మాడు సంగతి, బీరువా సంగతి చెప్పబోయాను. రెండు మాటలు చెప్పి ఊరుకున్నాను.

తరువాత రెండేళ్లకు ట్రావెల్ ఏజెన్సీలో పని దొరికింది. అప్పటినుంచి నా బల్ల ముందుకు వచ్చి 'ఎమర్జెన్సీ' అన్నవాడికి నేను విమానం ఎన్ని గంటలకు దిగుతుందో చెప్పేవాణ్ణి కాదు, వాడి ఇంటి గడపలోకి ఎన్నింటికి చేరతాడో లెక్కగట్టి కాగితం మీద రాసి ఇచ్చేవాణ్ణి. ఏ ఊరు, బస్సు ఎన్నింటికి, వర్షాకాలంలో వాగు అడ్డం వస్తుందా, అన్నీ అడిగేవాణ్ణి. మా యజమానికి అది వృథా కాలయాపనగా తోచేది. నేను మానలేదు.

ఆ పద్ధతిలోనే ఈనాటి లెక్క ఒకటి చూద్దాం. డేరా నుంచి జగిత్యాలకు. విమానానికి మూడు గంటల ముందు ఉండాలి, ఇంట్లోంచి బయలుదేరడానికి ఇంకో అరగంట. ఆకాశంలో మూడున్నర. శంషాబాదులో ఇమ్మిగ్రేషను, సామాను కలిసి ఒక గంట. ఆ పైన రోడ్డు: 2008 మార్చి 22 దాకా బేగంపేటలో దిగేవాళ్లం, మర్నాటి నుంచి శంషాబాదు. విమానాశ్రయం గొప్పదే, కాని ఉత్తర తెలంగాణ వారికి నగరం ఆ చివరికి పోయింది. అక్కడ నుంచి జగిత్యాలకు రెండువందల కిలోమీటర్లకు పైగా, మధ్యలో టీ తాగితే అయిదు గంటలు. మొత్తం పదమూడు గంటలు. రెండువేల అయిదువందల కిలోమీటర్లు మూడున్నర గంటల్లో పోయినవాడు చివరి రెండువందలకు అయిదు గంటలు కూర్చోవాలి. కృష్ణా, గుంటూరు వారికి 2022 అక్టోబరులో విజయవాడ నుంచి షార్జాకు నేరుగా విమానం మొదలవడం వల్ల పెద్ద మేలు జరిగింది. ఆ రోడ్డు ప్రయాణం తప్పడమే అసలు లాభం, గాలిలో మిగిలిన నిమిషాలు కాదు.

ఈ పదమూడు గంటలు కూడా అన్నీ సవ్యంగా ఉంటేనే. 2020 మార్చిలో ఇండియా, ఆ వెంటనే ఈ దేశం విమానాలు ఆపేశాయి. మే 7న ప్రత్యేక విమానాలు మొదలయ్యేదాకా 2,550 కిలోమీటర్లకు ఎన్ని గంటలని అడిగితే నా దగ్గర జవాబు లేదు. 2021 ఏప్రిల్‌లో మళ్లీ అటునుంచి ఇటు రావడం ఆగిపోయింది. మామూలు సర్వీసులు పూర్తిగా తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. ఆ కాలంలో తండ్రి చితి ఫోనులో చూసినవారు ఈ హాలులోనే ఉన్నారు. వారి వైపు చూడను. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ కురిసిన వానకు విమానాశ్రయం నీళ్లలో నిలిచి, ఎన్నో విమానాలు రద్దయి, జనం రెండు మూడు రోజులు అక్కడే పడిగాపులు కాశారు. అది మొన్నటి మాటే.

ఇంకొక ప్రయాణం గురించి కూడా చెప్పక తప్పదు. పెట్టెలో పోయేవారికి టిక్కెట్టు ఉండదు, కార్గో బిల్లు ఉంటుంది. నేను అవి కూడా రాశాను. విమానం అదే, దూరం అదే, గాలి కూడా అదే. కాని పోలీసుల కాగితం, మరణ ధ్రువపత్రం, వీసా రద్దు, కాన్సులేటు అనుమతి, దేహం చెడిపోకుండా చేసే ఎంబామింగ్ పత్రం, ఇవన్నీ చేతికి రావాలి. ఎవరైనా తెలిసినవాడు వెంట తిరిగితే కొద్ది రోజుల్లో అవుతుంది, ఎవరూ లేనివాడికి వారాలు పడుతుంది. మన సంఘంలో యువకులు కొందరు ఈ పని చేతిమీద వేసుకుంటున్నారు. పాటల పోటీల్లో గెలిచిన వారికి చప్పట్లు కొట్టాం కదా, వారికి కూడా ఈ సందర్భంగా నా నమస్కారం.

నాకిచ్చిన సమయం అయిపోతున్నదని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను.

2004లో మా అవ్వను ఇక్కడికి తీసుకొచ్చాను. బేగంపేటలో ఎక్కాం. ఆమెకు అప్పటికి డెబ్బై దాటాయి, విమానం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బెల్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అన్నం పెట్టినా ముట్టలేదు, సంచిలో తెచ్చుకున్న జొన్నరొట్టె ముక్క తిన్నది. కాసేపు కునుకు తీసింది. సముద్రం చూపిస్తే చూసింది. కిందికి దిగుతుంటే చెవులు మూసుకుంది. చక్రాలు నేలకు తాకి విమానం ఆగాక, జనం లేచి సామాన్లు దింపుకుంటుంటే, నా మోచెయ్యి పట్టుకుని "అచ్చినమా?" అంది. అచ్చినమే అవ్వా, అన్నాను.

"గింతేనా?" అంది.

"గింతే."

కొంచెంసేపు కిటికీలోకి చూసింది. "ఇన్నేండ్లు గింత దగ్గర్నే ఉంటివా కొడుకా?" అంది.

డేరాలో మా ఇల్లు చేరేదాకా టాక్సీలో ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.